క్లాసు గ్రూపులో 'తేడా' అని నవ్వడం: గే, ట్రాన్స్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

మూడోబెంచీ
అందరికీ నమస్కారం. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒకబ్బాయి నడకని వీడియో తీసి పెట్టారు. కింద వరసగా నవ్వు బొమ్మలు, 'తేడా' అని కామెంట్లు. సాయంత్రానికల్లా అతను గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి క్లాసుకీ సరిగ్గా రావట్లేదు. అతను గేనో కాదో నాకు తెలీదు, అడగలేదు కూడా.

దీని మీద హాస్టల్లో తలా ఒక మాట. పుట్టుకతో వస్తుందని ఒకడు, ఫోన్లు చూసి చెడిపోయారని ఇంకొకడు, హార్మోన్ ఇంజెక్షన్ చేస్తే పోతుందని మరొకడు. గే, ట్రాన్స్ రెండూ ఒకటేనని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్తారా? తిట్టుకోకుండా ప్లీజ్.

గళ్ళచొక్కా
బ్రో, ఇంత సీరియస్ అవసరమా? మా గ్యాంగులో రోజూ అందర్నీ ఏడిపిస్తాం. లావుగా ఉన్నోణ్ణి, పొట్టిగా ఉన్నోణ్ణి, ఎవర్నీ వదలం. జోక్ జోకే.

బయాలజీ టీచరమ్మ
మొదటి ముక్క నేను అందుకుంటాను. హాస్టల్లో మీరు ఒకే మూటలో కట్టేసినవి వేరువేరు విషయాలు.

ఎవరి మీద మనసూ కోరికా పుడతాయన్నది లైంగిక ఆకర్షణ. మగాళ్ళు నచ్చే మగాళ్ళు గే, ఆడవాళ్ళు నచ్చే ఆడవాళ్ళు లెస్బియన్, ఇద్దరూ నచ్చేవాళ్ళు బైసెక్సువల్. ఈ మాటలన్నీ దీనికి సంబంధించినవి. ఎవరి మీదా అలాంటి ఆకర్షణ కలగనివాళ్ళూ ఉన్నారు, వాళ్ళు ఏసెక్సువల్. తను ఆడా, మగా, ఈ రెండింట్లో ఇమడని మనిషా అని ఎవరికి వారికి లోపల ఉండే ఎరుక జెండర్ గుర్తింపు. పుట్టినప్పుడు కాగితం మీద రాసినదానికీ ఈ ఎరుకకీ పొసగనివాళ్ళని ట్రాన్స్ అంటున్నాం. ఒక ట్రాన్స్ అమ్మాయికి అబ్బాయిలు నచ్చొచ్చు, అమ్మాయిలు నచ్చొచ్చు, ఎవరూ నచ్చకపోవచ్చు.

ఇక నడక, గొంతు, చేతులు తిప్పడం, బట్టలు. వీటినిబట్టి పై రెండింట్లో దేన్నీ చెప్పలేం. మీ క్లాసువాళ్ళు చూసింది ఒక నడకని, తేల్చేసింది ఒక మనిషి జీవితాన్ని.

సూటిమాట
టీచర్ గారూ, ఇంత చిక్కు అక్కర్లేదండీ. నాకు యాభై దాటాయి. క్రోమోజోములు ఎక్స్‌వై ఉంటే మగ, ఎక్స్‌ఎక్స్ ఉంటే ఆడ. ల్యాబులో తేలిపోయేదానికి లోపలి ఎరుకలూ అవీ ఎందుకు?

బయాలజీ టీచరమ్మ
ల్యాబులో తేల్చేద్దామని క్రీడల సంఘాలు నిజంగానే చూశాయండీ. మరియా హోసే మార్టినెజ్ పాటిన్యో అని స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి. 1985లో కోబేలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలప్పుడు పరీక్ష చేస్తే ఆమెకి ఎక్స్‌వై క్రోమోజోములు ఉన్నాయని వచ్చింది. పుట్టినప్పట్నుంచీ ఆడపిల్లగానే పెరిగింది, చూడ్డానికీ అంతే, ఆమెకే ఆ రోజుదాకా తెలీదు. ఆమె ఒంట్లో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఉన్నా శరీరం దాన్ని అందుకోలేదు. పతకాలు పోయాయి, స్కాలర్‌షిప్ పోయింది, సంగతి పేపర్లకెక్కింది. ఆమె ఊరుకోలేదు. 1988లో మళ్ళీ పోటీలకి అనుమతించారు.

ఇలా శరీర నిర్మాణంలోనే తేడా ఉన్నవాళ్ళని ఇంటర్‌సెక్స్ అంటారు. ఇది ట్రాన్స్ కాదు, గే కూడా కాదు. మీరు క్రోమోజోముల మాట ఎత్తారు కాబట్టి చెప్పాను.

సూటిమాట
అరుదైన కేసు పట్టుకొచ్చారు. సరే. గే వాళ్ళది పుట్టుకే అంటారుగా, ఆ జీన్ ఎక్కడుందో చూపించండి మరి.

బయాలజీ టీచరమ్మ
అలాంటి జీన్ లేదండీ. 2019లో 'సైన్స్' పత్రికలో దాదాపు 4.7 లక్షల మంది జన్యు సమాచారంతో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. 'గే జీన్' అనేదొకటి లేదనీ, ఒక్కొక్కటీ చాలా చిన్న ప్రభావం చూపే జన్యు తేడాలు ఎన్నో ఉన్నాయనీ, అన్నీ కలిపినా మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో 8 నుంచి 25 శాతం దాకానే అవి వివరించగలవనీ తేల్చింది.

అంతమాత్రాన మిగతాదంతా పెంపకం కాదు. ఒకే తల్లికి పుట్టిన అన్నలు ఎక్కువయ్యేకొద్దీ తమ్ముడు గే అయ్యే అవకాశం కొద్దిగా పెరుగుతుందని చాలా పరిశోధనల్లో కనిపించింది. సవతి అన్నలతో, దత్తత వచ్చిన అన్నలతో కలిసి పెరిగితే ఆ పెరుగుదల లేదు. అంటే ఇంట్లో కంటే కడుపులోనే ఏదో జరుగుతోందన్నమాట. పొట్టేళ్ళలో సుమారు 8 శాతం, పక్కన ఆడ గొర్రెలున్నా సరే, పొట్టేళ్ళనే కోరుకుంటాయి. వాటికి ఫోన్లు లేవు.

ఎవర్నో చూసి నేర్చుకుంటారనీ, తల్లి గారాబం వల్ల వస్తుందనీ అనేదానికి మాత్రం గట్టి ఆధారం ఇంతవరకూ దొరకలేదు.

పిల్లిమొగ్గ
నేను గేని. పొట్టేలు తర్వాత ఈ చర్చలో మాట్లాడే అవకాశం నాకు వచ్చినందుకు సంతోషం.

ఆ ఇంజెక్షన్ సలహా ఇచ్చిన హాస్టల్ డాక్టర్ గారికి చెప్పండి, ఆ ప్రయోగం ఎప్పుడో అయిపోయింది. కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసినవాళ్ళలో ఒకడైన అలన్ ట్యూరింగ్‌ని 1952లో ఇంగ్లండులో ఇదే 'నేరం' మీద శిక్షించి, జైలా హార్మోనా తేల్చుకోమన్నారు. ఆయన హార్మోన్ ఎంచుకున్నాడు. 1954లో చనిపోయాడు. 2013లో క్షమాభిక్ష ప్రకటించారు, ఎవరికి పనికొస్తుందో మరి. హార్మోన్ వల్ల కోరిక పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. అది ఎవరి మీద అన్నది మాత్రం మారదు.

అందుకే 'ఎందుకిలా అయ్యావు' అని ఎవరైనా అడిగితే నాకు కాస్త టెన్షన్. కారణం దొరికిందని ఎవరో ఒకరు అనుకున్న ప్రతిసారీ వెనకాలే మందు పట్టుకుని ఇంకొకరు వచ్చారు.

గళ్ళచొక్కా
డాక్టర్ల పుస్తకాల్లో రోగం అనే ఉండేది కదా? ఎవరో ఒత్తిడి చేస్తే తీసేశారని విన్నా.

పిల్లిమొగ్గ
ఉద్యమకారులు గొడవ చేసిన మాట నిజమే, కాదనను. కానీ అంతకుముందే రోగం అన్నదానికి ఆధారం కదిలిపోయింది. అప్పటిదాకా డాక్టర్లు చూసిన గేలంతా ఆసుపత్రుల్లోనో జైళ్ళలోనో ఉన్నవాళ్ళు. జైల్లో ఉన్న మామూలు మగాళ్ళని మాత్రమే చూసి మగజాతి మొత్తం మీద పుస్తకం రాస్తే ఎలా ఉంటుందో అది అలా ఉండేది. ఎవెలిన్ హుకర్ అనే సైకాలజిస్టు బయట మామూలుగా బతుకుతున్న గే మగాళ్ళని 30 మందిని, గే కానివాళ్ళని 30 మందిని తీసుకుని పరీక్షలు చేసి, పేర్లు చెప్పకుండా ఆ ఫలితాలు నిపుణుల చేతిలో పెట్టింది. ఎవరు ఎవరో వాళ్ళు పోల్చుకోలేకపోయారు. 1957లో అచ్చయింది ఇది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లో రోగాల జాబితాలోంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి 1990 మే 17 దాకా పట్టింది. ట్రాన్స్ విషయం ఇంకా ఆలస్యం. 2019లో ఆమోదించి 2022 నుంచి అమల్లోకి తెచ్చిన కొత్త జాబితాలో మానసిక రుగ్మతల అధ్యాయంలోంచి బయటికి తెచ్చారు.

గళ్ళచొక్కా
ఓకే. హుకర్ సంగతి తెలీదు. అయినా పదిహేనేళ్ళ పిల్లాడికి తనేంటో అప్పుడే ఏం తెలుస్తుంది బ్రో?

వినేచెవి
పదిహేనేళ్ళ పిల్లాడికి ఫలానా అమ్మాయి నచ్చిందంటే 'నీకేం తెలుసు' అని ఎవరూ అనరు కదా. నవ్వి ఊరుకుంటారు. మార్తా మెక్‌క్లింటాక్, గిల్బర్ట్ హెర్ట్ అనే పరిశోధకులు 1996లో చూపించిందేంటంటే, మొదటి ఆకర్షణ గుర్తున్న సగటు వయసు పదేళ్ళ దగ్గర. గే అయినా కాకపోయినా అంతే.

అందరికీ అప్పుడే తేలిపోతుందనీ కాదు. లిసా డైమండ్ అనే సైకాలజిస్టు కొంతమంది యువతుల్ని పదేళ్ళపాటు వదలకుండా కలుస్తూ వచ్చింది. వాళ్ళలో మూడింట రెండొంతుల మంది తమని తాము పిలుచుకునే పేరు ఒక్కసారైనా మార్చుకున్నారు. దీన్ని పట్టుకుని 'చూశారా, మారుతుంది' అని కొందరు ఎగిరారు. దానంతట అది మారడం వేరు, ఇంకొకరు పట్టుబట్టి మార్చడం వేరు. ఆ రెండో దానికి ఆవిడ పరిశోధనలో చోటే లేదు. తేలనివాళ్ళని తేల్చుకోమని తొందర పెట్టకపోతే చాలు, అటు గానీ ఇటు గానీ.

కాలేజీ పిల్లలకి కౌన్సెలింగ్ చెయ్యడం నా పని. మొదట్లో 'జోక్ జోకే' అన్నారే, అక్కడికి వెళ్దాం. ఈ చర్చంతటికీ నాకు ముఖ్యమనిపించింది అదే. లావు అని ఏడిపిస్తే ఆ పిల్లాడు ఇంటికెళ్ళి చెప్పుకోగలడు. అమ్మ కోప్పడుతుంది, నాన్న 'నన్నూ అలాగే అనేవాళ్ళురా' అంటాడు. 'తేడా' అన్నారని ఇంట్లో చెప్పాలంటే ముందు 'నిజమా?' అన్న ప్రశ్న దాటాలి. కాబట్టి చెప్పడు. దెబ్బ ఒకటి, ఆ దెబ్బని దాచుకోవడం ఇంకొకటి. ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లో మైనారిటీ స్ట్రెస్ అని వివరించింది ఇలాంటిదే. ఎవరూ ఏమీ అననప్పుడు కూడా అంటారేమోనని గొంతునీ చేతుల్నీ కాపలా కాసుకోవడం అందులో భాగం. గే పిల్లల్లో దిగులు ఎక్కువగా కనిపించేది వాళ్ళ ఆకర్షణ వల్ల కాదు, ఇలాంటి దెబ్బల వల్ల, ఈ కాపలా వల్ల.

నేను చూసినంతలో ఈ మాట నిజంగా గే అయినవాళ్ళ మీద పడేది తక్కువ. ఏడ్చిన మగపిల్లాడి మీద, గొడవకి వెళ్ళనివాడి మీద, డ్యాన్స్ నేర్చుకున్నవాడి మీద, అమ్మాయిలతో మామూలుగా మాట్లాడేవాడి మీద పడుతుంది. మగపిల్లలు ఒకళ్ళనొకళ్ళు గీత దాటకుండా చూసుకోవడానికి వాడే కర్ర అది. ఆ కర్ర ఎత్తినవాడు కూడా రేపు తన మీద పడుతుందేమోనని భయపడుతూనే ఉంటాడు.

నవ్వినవాళ్ళని విడివిడిగా కూర్చోబెట్టి అడిగితే చాలామంది 'నాకేం పట్టింపు లేదు మేడమ్, అందరూ నవ్వారని...' అంటారు. ఆ 'అందరూ' కూడా ఇదే మాట చెప్తారు. ఎవరికి వారు తానొక్కడే మెత్తన అనీ, మిగతావాళ్ళంతా కఠినం అనీ అనుకుంటుంటారు.

మూడోబెంచీ
మేడమ్, మీరు చెప్పింది అచ్చం మా గ్రూపే. కానీ అక్కడ ఎవరైనా అడ్డం మాట్లాడితే 'నువ్వూ అదేనా' అంటారు. ఏం చెయ్యాలి?

వినేచెవి
అంటారు, ఆ భయం ఉత్తది కాదు. అయినా ఒక లెక్క చెప్తాను. కెనడాలో బడి ఆటస్థలాల్లో పిల్లలు ఒకరినొకరు ఏడిపించడాన్ని వీడియో తీసి పరిశీలించిన పరిశోధన ఒకటి 2001లో వచ్చింది. గే విషయమే అని కాదు, అన్ని రకాల ఏడిపించడాలూ. చూస్తున్న పిల్లల్లో ఎవరైనా కలగజేసుకున్నప్పుడు 57 శాతం సార్లు అది పది సెకన్లలోపే ఆగిపోయింది. వచ్చిన చిక్కల్లా అలా కలగజేసుకునేవాళ్ళు తక్కువ.

పిల్లిమొగ్గ
తమ్ముడూ, స్పీచ్ ఇవ్వొద్దు, స్పీచ్ ఇస్తే నిన్నే ఆడుకుంటారు. 'తీసెయ్ రా, బాలేదు' అని ఒక్క లైను పెట్టు. ముందే ఇంకో ఇద్దరితో మాట్లాడి పెట్టుకో, నీ కింద వాళ్ళు 'అవును, తీసెయ్' అంటారు. వీడియో పెట్టినవాడికి విడిగా కూడా చెప్పు, అందరి ముందు తగ్గడం కష్టం కాబట్టి.

ఆ అబ్బాయికి మెసేజ్ పెట్టు. 'నువ్వు గేనా? అయినా నాకు ఓకే' అని మాత్రం పెట్టకు, మహాప్రభో. గే కాకపోతే ఇంకా నలిగిపోతాడు, అయితే హడలిపోతాడు. 'నోట్స్ కావాలా, రేపు పక్కన సీటు పెడతాను' అను. నా కాలేజీ రోజుల్లో నాకు కావాల్సింది అదే.

సూటిమాట
వీడియో తీయడం తప్పు, అందులో నాకు రెండో మాట లేదు. ఒక పిల్లాణ్ణి అలా బజారుకీడ్చడం ఏంటి. కానీ మీరంతా మాటలతో మనుషుల మనసులు మార్చేస్తామనుకుంటున్నారే, అది జరిగే పని కాదు. నా వయసుకి చూశాను.

వినేచెవి
మీ అనుమానం నాకూ ఉండేదండీ. దీని వెనక ఒక గమ్మత్తయిన కథ ఉంది. 2014లో ఒక పరిశోధన పత్రం వచ్చింది, ఇంటింటికీ వెళ్ళి ఒక్కసారి మాట్లాడితే స్వలింగ వివాహం మీద అభిప్రాయం మారిపోతోందని. ప్రపంచమంతా చప్పట్లు. డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే ఇద్దరు అదే పద్ధతిలో తామూ చేద్దామని కూర్చుంటే లెక్కలు తేడాగా కనిపించాయి. తవ్వితే డేటానే బూటకం. 2015లో ఆ పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. అక్కడితో కథ అయిపోవాలి కదా? బూటకాన్ని బయటపెట్టిన ఆ ఇద్దరే మయామీలో ట్రాన్స్ వ్యక్తుల మీద చిన్నచూపు గురించి నిజమైన ప్రయోగం చేశారు. పది నిమిషాల మాటలు. 2016లో అచ్చయింది. మార్పు నిజంగానే వచ్చింది, కనీసం మూడు నెలలు నిలిచింది కూడా.

ఆ పది నిమిషాల్లో వాదన తక్కువ. 'మీరు వేరుగా ఉన్నారని మిమ్మల్ని ఎవరైనా తక్కువగా చూసిన సందర్భం ఉందా? చెప్పండి' అని అడిగి, విన్నారు. అందరూ మారలేదు లెండి. సగటున మారింది.

సూటిమాట
ఇప్పుడు మీరు ఆ ప్రయోగం నా మీద చెయ్యట్లేదు కదా?

బడిలో నన్ను నత్తోడా అనేవాళ్ళు. హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్' అనడానికి ముందు రోజు నుంచే భయం. దానికీ దీనికీ పోలిక ఉందని నేను ఒప్పుకోను. చదువుతుంటే గుర్తొచ్చింది, అంతే.

వానకోయిల
అన్నా, హాజరు భయం నాకు బాగా తెలుసు. నేను ట్రాన్స్ అమ్మాయిని. రిజిస్టర్లో పాత పేరు ఉండేది. ఆ పేరు పిలిస్తే పలకాలి, పలికితే క్లాసంతా వెనక్కి తిరిగి చూస్తుంది. పలక్కపోతే ఆబ్సెంట్. కొన్నాళ్ళు ఆబ్సెంటే నయమనుకున్నాను.

కాగితాలు మారడానికి చాలాకాలం పట్టింది, అంతదాకా ఆగకుండా ఒక లెక్చరర్ రోల్ నంబర్లతో పిలవడం మొదలుపెట్టారు. క్లాసులో అందరికీ అదే పద్ధతి. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, నాతో కూడా అనలేదు. నాకు అర్థమైంది.

2018లో 15 నుంచి 21 ఏళ్ళ ట్రాన్స్ పిల్లల మీద ఒక పరిశోధన వచ్చింది. ఇల్లు, బడి, పనిచేసే చోటు, స్నేహితులు: వీటిల్లో ఎన్నిచోట్ల వాళ్ళు ఎంచుకున్న పేరుతో పిలిస్తే అంతగా దిగులూ, చనిపోవాలన్న ఆలోచనలూ తక్కువగా ఉన్నాయట. పేరు పెట్టి పిలవడానికి ఖర్చేం లేదు కదా.

ఇంకొకటి. పరిచయమైన ఐదు నిమిషాలకే 'ఆపరేషన్ అయిందా' అని అడుగుతారు. మీ ఒంటి గురించి ఎవరైనా అలా అడిగితే ఏం చేస్తారో, నాకూ అదే చెయ్యాలనిపిస్తుంది.

గళ్ళచొక్కా
ఒక డౌట్ అక్కా, తిట్టకు. చిన్నపిల్లలకి మందులిచ్చి మార్చేస్తున్నారని వీడియోలు వస్తున్నాయిగా. అది నిజమా?

వానకోయిల
తిట్టను. చిన్నపిల్లలకి, అంటే యవ్వనం మొదలవ్వకముందు, మందులేమీ ఇవ్వరు. పేరు, బట్టలు, జుట్టు, అంతే. యవ్వనపు మార్పుల్ని ఆపి ఉంచే మందుల గురించి మాత్రం డాక్టర్లలోనే వాదన ఉంది. 2024లో ఇంగ్లండులో హిల్లరీ కాస్ అనే పిల్లల డాక్టర్ ఇచ్చిన నివేదిక ఆధారాలు బలహీనంగా ఉన్నాయంది, అక్కడ ఆ మందుల్ని కట్టడి చేశారు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం వంటివి కొనసాగించాలంటున్నాయి. అది డాక్టర్లూ, ఆ పిల్లలూ, తల్లిదండ్రులూ చూసుకోవాల్సిన విషయం. క్లాసులో నన్ను ఏ పేరుతో పిలవాలన్నది ఆ వాదన తేలేదాకా ఆగక్కర్లేదు.

నిర్వాహకుడు
రెండు కామెంట్లు తీసేశాం. ఒకదాంట్లో తిట్లు, ఇంకొకదాంట్లో ఒక విద్యార్థి పేరూ ఫొటో ఉన్నాయి. ఎవరినీ గుర్తుపట్టేలా రాయొద్దు. కొనసాగించండి.

ఇద్దరు పిల్లల తల్లి
ఇదంతా చదివి ఖాతా తెరిచాను. మా పెద్దవాడికి పదహారు. అమ్మాయిల మీద మనసు పోదని, అబ్బాయిలే నచ్చుతారని ఈ మధ్యే నాతో చెప్పాడు. నేను ఏడ్చాను, వాడే నన్ను ఓదార్చాడు. మా చెల్లెలు ఎవరో కౌన్సెలర్ ఉన్నారని, కొన్ని సిట్టింగులకి వెళ్తే మార్చేస్తారని నంబరు పంపింది. వెళ్ళనా వద్దా?

పిల్లిమొగ్గ
అమ్మా, వద్దు. దయచేసి వద్దు. వివరాలు మేడమ్ చెప్తారు.

వినేచెవి
వెళ్ళొద్దండీ. మార్చొచ్చు అనేవాళ్ళు చాలాకాలం చూపించిన పెద్ద ఆధారం రాబర్ట్ స్పిట్జర్ అనే మానసిక వైద్యుడి పరిశోధన. 1973లో రోగాల జాబితా నుంచి తీసేయడంలో ముందున్నది ఈయనే, అదో విచిత్రం. 2003లో 'గట్టిగా కోరుకున్న కొందరు మారారు' అని రాశాడు. 2012లో తనే ఆ లెక్క నిలబడదని, వాళ్ళు చెప్పింది నిజమో కాదో తేల్చే దారి తన దగ్గర లేదని ఒప్పుకుని గే సమాజానికి క్షమాపణ చెప్పాడు. ఈ 'చికిత్స' వల్ల మారడం జరగదు, దిగులూ సిగ్గూ మాత్రం మిగులుతాయి. చాలా దేశాల్లో నిషేధించారు.

మీ మనసు కుదుటపడ్డానికి మీరు ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళండి, అందులో తప్పేం లేదు. బాబుకి అవసరమనిపిస్తే వాణ్ణి అడిగే తీసుకెళ్ళండి. వెళ్ళేముందు ఫోన్లో 'గే అవ్వడం రోగమా? మారుస్తారా?' అని సూటిగా అడగండి. 'చూద్దాం, ప్రయత్నిద్దాం' అన్నా ఫోన్ పెట్టేయండి.

అమెరికాలో కైట్లిన్ రయన్ బృందం 21 నుంచి 25 ఏళ్ళ గే, లెస్బియన్, బైసెక్సువల్ యువతని అడిగి చేసిన పరిశోధన 2009లో అచ్చయింది. టీనేజీలో ఇంట్లోవాళ్ళు బాగా తోసిపుచ్చినవాళ్ళలో ప్రాణం తీసుకోవడానికి ప్రయత్నించినవాళ్ళు, అంతగా తోసిపుచ్చనివాళ్ళకంటే 8 రెట్లకు పైగా ఉన్నారు. భయపెట్టడానికి చెప్పట్లేదు. మీరు అన్నీ అర్థం చేసుకున్న తల్లి అయిపోనక్కర్లేదు ఇప్పటికిప్పుడు. తిట్టకపోవడం, స్నేహితుల్ని ఇంటికి రానివ్వడం, వాడి ముందు ఎవరైనా వెటకారం చేస్తే ఆపడం, వీటికే చాలా తేడా వస్తుంది. ఏడుపొస్తే ఏడవండి, వాడి భుజం మీద మాత్రం వద్దు.

సూటిమాట
అమ్మా, మీ చెల్లెలు మంచికే చెప్పి ఉంటుంది. నేనూ నిన్నటిదాకా ఆ సలహానే ఇచ్చేవాణ్ణి. నాకింకా ఇదంతా మింగుడుపడలేదు. కానీ పిల్లాడు తల్లికి చెప్పుకున్నాడంటే మీ మీద వాడికి నమ్మకముంది.

ఇద్దరు పిల్లల తల్లి
అందరికీ నమస్కారాలు. చెల్లెలికి వద్దని చెప్పాను, కోపం వచ్చింది దానికి. ఇంకో సంగతి, వాళ్ళ నాన్నకి నేను చెప్పాలా? మా అత్తగారికి?

పిల్లిమొగ్గ
మీరు ఎవరికీ చెప్పొద్దమ్మా, నాన్నగారికైనా సరే. అది వాడి కబురు. 'ఎవరెవరికి తెలుసు, ఎవరికి తెలియకూడదు, నేను ఎవరికైనా చెప్పాలా' అని వాణ్ణే అడగండి. నా విషయం నా కంటే ముందు మా పెదనాన్నగారికి చేరింది, ఆ దసరా సెలవుల సంగతి ఇక్కడ రాయను.

ఇద్దరు పిల్లల తల్లి
అడిగాను. వాళ్ళ నాన్నకి పోయిన ఏడాదే చెప్పాడట! అమ్మకి టైం ఇవ్వు, నేను చెప్పనులే అన్నారట ఈయన. ఏడాది నుంచి నా పక్కనే కూర్చుని టీవీ చూస్తున్నారు, ఒక్క మాట అంటే ఒట్టు.